వాండా: గోదావరి జిల్లాల బదనికకు దొరికిన ప్రపంచ పేరు

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళ కోసం, డ్యూటీల వల్ల వినడానికి తీరిక దొరకనివాళ్ళ కోసం, అందులో చెప్పిన సంగతులు ఇక్కడ వరసగా రాసి పెడుతున్నాను. మైకు ముందు టైము చాలక కుదించినవి కొన్ని ఇక్కడ విడమరిచి చెప్తాను.

సింగపూర్‌లో పనిచేసే మనవాళ్ళకు ఒక పువ్వు బాగా తెలుసు. గులాబీ, ఊదా కలిసిన రంగు. పార్కుల్లో, పోస్టర్ల మీద ఎక్కడ చూసినా అదే. దాన్ని అక్కడ వాండా మిస్ జోక్విమ్ అంటారు. 1981 ఏప్రిల్ 15న దాన్ని ఆ దేశపు జాతీయ పుష్పంగా ప్రకటించారు. ఆ పేరులో మొదటి మాట చూడండి. వాండా. వినగానే ఎవరో తెల్లమ్మాయి పేరనిపిస్తుంది. కాదు. అది సంస్కృతంలోని 'వందా'. ఇంకో చెట్టు మీద పెరిగే మొక్క అని దాని అర్థం. తెలుగులో మనం బదనిక అంటాం, కొన్నిచోట్ల వదనిక అంటారు. ఆ వాండా అనే పేరు శాస్త్రంలో మొదట ఏ మొక్కను పట్టుకుని పెట్టారో, ఆ మొక్కను పుస్తకానికి ఎక్కించింది మన సామర్లకోట డాక్టరు ఒకాయన. ఈ కథ ఆ మొక్కది, దాని పేరుది.

బదనికల్లో రెండు రకాలు

మామిడి తోట ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకు బదనిక అంటే పెద్ద మంచి మాట కాదు. కొమ్మ మీద మొలుస్తుంది, చెట్టు సారం లాగేస్తుంది, కాపు తగ్గిస్తుంది. నాన్నలు, తాతలు కత్తి పట్టుకుని ఎక్కి నరికేసేది దాన్నే. ఆ బదనిక నిజంగానే దొంగ. దాని వేరు కొమ్మ బెరడు చీల్చుకుని లోపలికి దిగి, చెట్టు తాగే నీళ్ళలో వాటా కొట్టేస్తుంది. శాస్త్రంలో దీన్ని పరాన్నజీవి అంటారు.

కానీ అదే చెట్టు మీద, అదే పేరుతో ఇంకో మొక్క కూడా ఉంటుంది. దళసరి ఆకులు, మధ్యలో గాడి పడి, రెండు వరసల్లో ఎదురెదురుగా ఉంటాయి. కాండం నుంచి తెల్లటి లావు వేర్లు కొన్ని బెరడుకు అతుక్కుని, కొన్ని గాల్లో వేలాడుతూ ఉంటాయి. ఈ వేర్లు చెట్టు లోపలికి దిగవు. పట్టుకుని నిలబడతాయి, అంతే. వేరు చుట్టూ దూదిలాంటి పొర ఒకటి ఉంటుంది. వాన పడగానే అది నీళ్ళు పీల్చుకుంటుంది. అప్పుడు వేరు తెలుపు పోయి పచ్చగా కనిపిస్తుంది, ఎందుకంటే లోపల పత్రహరితం ఉంది. అంటే వేరు కూడా ఎండలో తన అన్నం తనే వండుకుంటుంది. బెరడు మీద పేరుకున్న దుమ్ము, కుళ్ళిన ఆకుల పొడి, వాన నీళ్ళు దీనికి చాలు. చెట్టు దగ్గర తీసుకునేది నిలబడే చోటు మాత్రమే.

ఇలాంటివాటిని ఎపిఫైట్లు అంటారు. ప్రపంచంలో ఆర్కిడ్ జాతులు పాతిక వేలకు పైనే ఉన్నాయి. వాటిలో సగానికి పైగా ఇలా చెట్ల మీద బతికేవే. మన భాషలో దొంగకీ, దొరకీ ఒకే పేరు పెట్టాం. సంస్కృతంలోనూ అంతే, వందా అంటే రెండూ. అందుకే ఊళ్ళలో ఈ రెండో మొక్కకు కూడా మొదటి దాని శిక్షే పడుతుంది. చెట్టు మీద కనపడింది, నరికెయ్.

దీని పువ్వు చూస్తే అలా నరకబుద్ధి కాదు. పసుపు, ఆకుపచ్చ కలిసిన రేకుల మీద గోధుమరంగు గళ్ళు. ముందుకు చాచిన పెదవి లాంటి రేకు మాత్రం ఊదారంగు. మంచి వాసన. ఆ గళ్ళు సరిగ్గా మన గళ్ళ లుంగీలా ఉంటాయి. ఈ గళ్ళ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

సామర్లకోట డాక్టరు

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. ఇంగ్లీషు కంపెనీ కొలువులో వైద్యుడిగా 1776లో మద్రాసుకు వచ్చాడు. ఒక రకంగా ఆయనా పని కోసం సముద్రం దాటినవాడే, కాకపోతే పాలించే కంపెనీ మనిషి. 1781లో సామర్లకోటకు బదిలీ అయ్యాడు. అక్కడ పన్నెండేళ్ళ దాకా ఉన్నాడు. మిరియాలు, కాఫీ, దాల్చిన చెక్క లాంటివి గోదావరి నేలలో పెరుగుతాయా అని తోట వేసి చూశాడు. కంపెనీకి కావలసింది లాభం, ఆయనకు కావలసింది మొక్కలు. రెండూ కలిసొచ్చాయి.

ఆయనకు ముందు ఈ తీరంలో మొక్కలు వెతికినవాడు యోహాన్ కోయెనిగ్. మొక్కలకు పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ పండితుడు లినేయస్‌కు శిష్యుడు. కోయెనిగ్ 1785లో కాకినాడ దగ్గర జగన్నాయకపురంలో చనిపోయాడు. లినేయస్ పద్ధతి అలా చేతులు మారుతూ మన తీరానికి వచ్చింది.

ఆ పద్ధతి తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. ప్రతి మొక్కకు రెండు మాటల పేరు. మొదటిది ఇంటిపేరు, రెండోది సొంత పేరు. మన పేర్లు రాసే తీరే అది. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు ముందా వెనకా అని మనం తన్నుకులాడతాం గానీ, లినేయస్ మాత్రం మనలాగే ఇంటిపేరు ముందు పెట్టాడు. ఆ ఇంటిపేరును శాస్త్రంలో ప్రజాతి అంటారు, ఇంటిపేరూ సొంత పేరూ కలిపితే జాతి పేరు అవుతుంది.

సర్కారు జిల్లాల్లో రాక్స్‌బర్గ్ బతుకు కూడా తేలిగ్గా సాగలేదు. 1787లో సముద్రం పొంగి ఊళ్ళ మీద పడినప్పుడు ఆయన పోగుచేసుకున్న కాగితాలు, పుస్తకాలు పోయాయి. తర్వాత రెండేళ్ళకే వానలు వరసగా తప్పి ఘోరమైన కరువు వచ్చింది. ఎంత వాన పడింది, ఎప్పుడు తప్పింది అని ఆయన రాసి పెట్టుకున్న లెక్కలను వాతావరణ చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ తిరగేస్తుంటారు. ఆ మధ్యలోనే మొక్కల పని కూడా నడిచింది. మళ్ళీ మొదటి నుంచి పోగుచేసి, బొమ్మలు గీయించి, వందల కొద్దీ బొమ్మలను లండన్‌కు పంపాడు. అక్కడ జోసెఫ్ బ్యాంక్స్ అనే పెద్ద మనిషి వాటిలోంచి 300 ఎంపిక చేశాడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. కోరమాండల్ తీరపు మొక్కలు అన్న ఆ పుస్తకంలో చాలా మొక్కలకు తెలుగు పేర్లు కూడా ఇచ్చారు. రెండు వందల ఏళ్ళ కిందట లండన్‌లో అచ్చయిన అంత ఖరీదైన పుస్తకంలో, తెలుగువాళ్ళు దీన్ని ఇలా పిలుస్తారు అని రాసి ఉండటం చిన్న విషయం కాదు.

మొదటి సంపుటంలో, 1795లో, మన గళ్ళ పువ్వు బొమ్మ వచ్చింది. రాక్స్‌బర్గ్ దానికి పెట్టిన పేరు ఎపిడెండ్రమ్ టెసెల్లేటమ్.

ఇంటిపేరు రెండుసార్లు మారింది

ఎపిడెండ్రమ్ అంటే గ్రీకులో 'చెట్టు మీద ఉన్నది' అని. చూశారా, మన బదనికకు అచ్చంగా అదే అర్థం. టెసెల్లేటమ్ అంటే లాటిన్‌లో చిన్న చిన్న చదరపు రాళ్ళు పరిచినట్టు ఉన్నది, అంటే గళ్ళది. మన మాటల్లో చెప్పాలంటే 'గళ్ళ బదనిక'.

లినేయస్ రోజుల్లో చెట్టు మీద పెరిగే ఆర్కిడ్లన్నీ దాదాపు ఈ ఒక్క ఇంటిపేరు కిందే పడేసేవారు. అమెరికా అడవిలోదైనా, ఆసియాలోదైనా, చెట్టు మీద ఉందంటే ఎపిడెండ్రమే. గల్ఫ్‌లో ఏ ఊరు, ఏ భాష అని అడక్కుండా మనందరినీ ఒకే మాటతో పిలిచేస్తారే, అలాగన్నమాట. మొక్క ఎక్కడ నిలబడిందో చూశారు గానీ, అది ఎవరి బిడ్డో చూడలేదు.

తర్వాతివాళ్ళు పువ్వు లోపలి కట్టుబడి చూడటం మొదలుపెట్టారు. ఆర్కిడ్లలో పుప్పొడి పొడిగా రాలదు, చిన్న ముద్దలుగా ఉంటుంది. ఆ ముద్దలు ఎన్ని, ఎలా అతుక్కుని ఉన్నాయి, పెదవి రేకు ఎలా కలిసింది, ఇవీ వాళ్ళకు ఆనవాళ్ళు. స్వీడన్‌కు చెందిన ఓలాఫ్ స్వార్ట్స్ దీన్ని సింబిడియం అనే ఇంటికి మార్చాడు. అక్కడా అది ఇమడలేదు.

ఈలోగా కలకత్తాలో ఇంకో పని జరుగుతోంది. విలియం జోన్స్ అక్కడ సుప్రీం కోర్టు జడ్జి. సంస్కృతానికి, గ్రీకు లాటిన్లకు చుట్టరికం ఉందని చెప్పినవాడుగా అందరికీ తెలుసు. ఆయనకు మొక్కల మీదా మోజే. భారతదేశపు మొక్కలకు యూరప్ మనుషుల పేర్లు తగిలించడం ఆయనకు నచ్చేది కాదు, ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లే నిలబెట్టాలనేవాడు. ఆయన 1794లో చనిపోయాడు. మరుసటి ఏడు అచ్చయిన ఆయన వ్యాసంలో ఈ రకం మొక్కను వందా అనే పేరుతోనే వర్ణించాడు.

1820లో లండన్‌లో రాబర్ట్ బ్రౌన్ ఆ మాట అందుకున్నాడు. ఈ మొక్క ఎపిడెండ్రమూ కాదు, సింబిడియమూ కాదు, దీనికి వేరే ఇంటిపేరు కావాలి, అది వాండా అని తేల్చాడు. రాక్స్‌బర్గ్ అప్పటికే, 1815లో, పోయాడు. ఆయన గౌరవార్థం సొంత పేరు రాక్స్‌బర్గై అని పెట్టాడు. వాండా రాక్స్‌బర్గై. ఇప్పటికీ పాత వైద్య పుస్తకాల్లో, మందుల జాబితాల్లో ఈ పేరే కనిపిస్తుంది.

అయితే ఈ పేరు నిలవలేదు. మొక్కల పేర్లలో ఒక గట్టి నియమం ఉంది. ఇంటిపేరు మారినా, మొదట నమోదైన సొంత పేరును మార్చకూడదు. పెళ్ళి చేసుకుని ఇంటిపేరు మార్చుకోవచ్చు గానీ, పుట్టినప్పుడు రిజిస్టరులో పడ్డ పేరు తీసెయ్యలేం కదా. 1795 నాటి 'గళ్ళది' ముందు, 1820 నాటి 'రాక్స్‌బర్గ్‌ది' తర్వాత. కాబట్టి గళ్ళదే నిలిచింది. 1830లో ఒక తోటమొక్కల పుస్తకంలో వాండా టెసెల్లేటా అన్న రూపం వచ్చింది. ఈరోజు ప్రపంచమంతా ఒప్పుకునే పేరు అదే. రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు మిగిలింది, రాక్స్‌బర్గ్ పేరు పోయింది. నాకు ఇందులో బాగా నచ్చిన సంగతి ఇదే: సొంత పేరు ఆ పువ్వు ఎలా ఉందో చెప్తుంది, ఇంటిపేరు దేశీ మాట. మధ్యలో ఏ దొర పేరూ లేదు.

జాతీయ పుష్పానికి పోయిన ఇంటిపేరు

ఇప్పుడు సింగపూర్‌కు వద్దాం. 1893లో హెన్రీ రిడ్లీ ఒక కొత్త ఆర్కిడ్‌ను వర్ణించి, ఆగ్నెస్ జోక్విమ్ అనే ఆర్మేనియన్ మహిళ పేరు పెట్టాడు. తంజోంగ్ పాగర్‌లో ఆమె ఇంటి తోటలో పూసింది అది. రిడ్లీ అప్పట్లో సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ పెద్ద. మలయాలో రబ్బరు తోటలు వెయ్యమని అందరి వెంటా పడి ఒప్పించినవాడు కూడా ఈయనే. ఆ రబ్బరు తోటల పనికే తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఓడలెక్కారు. మలేషియాలో ఈరోజు నాలుగైదు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాల కథ అక్కడ కలుస్తుంది.

మిస్ జోక్విమ్ రెండు జాతుల సంకరం. ఒకటి పేరాక్ కింతా లోయ బురద నేలల్లో పెరిగే వాండా హూకెరియానా. రెండోది ఈశాన్య భారతం, బర్మాల నుంచి వచ్చిన వాండా టెరెస్. ఈ టెరెస్‌ను మొదట శాస్త్రానికి పరిచయం చేసింది ఎవరనుకున్నారు? మళ్ళీ మన సామర్లకోట రాక్స్‌బర్గే, చనిపోయాక 1832లో వెలువడిన ఆయన పుస్తకంలో. అప్పుడు పెట్టిన ఇంటిపేరు డెండ్రోబియం.

సంకరం ఆగ్నెస్ తన చేత్తో చేసిందా, పురుగులు చేశాయా అని చాలా ఏళ్ళు వాదించుకున్నారు. ఆమె పూలు అతికించి సాధించిందని రిడ్లీ అప్పుడే రాశాడు. అయినా, ఒక ఇంటి ఆడమనిషి చేసిన పని అని ఒప్పుకోవడానికి తర్వాతివాళ్ళలో కొందరికి మనసు రాలేదు. చివరికి సింగపూర్ ప్రభుత్వ సంస్థలే ఆమెనే సృష్టికర్తగా గుర్తించాయి.

తీరా ఇంకో చిక్కు వచ్చింది. మిస్ జోక్విమ్ తల్లిదండ్రుల ఆకులు పెన్సిల్‌లా గుండ్రంగా ఉంటాయి, మన గళ్ళ బదనిక ఆకుల్లా పట్టీలా ఉండవు. పువ్వు కట్టుబడీ వేరే. 1915లోనే రుడాల్ఫ్ ష్లెక్టర్ అనే జర్మన్, టెరెస్‌ను విడదీసి పాపిలియోనాంతే అనే కొత్త ఇంటిపేరు ఇచ్చాడు. హూకెరియానా కూడా ఆ ఇంటికే చేరింది. తల్లీ తండ్రీ ఇంటిపేరు మారితే బిడ్డది మారదా? శాస్త్రం ప్రకారం ఇప్పుడా జాతీయ పుష్పం పాపిలియోనాంతే మిస్ జోక్విమ్. జనం మాత్రం ఇప్పటికీ వాండా అనే అంటారు.

మరి ఇల్లు రెండుగా చీలితే పాత ఇంటిపేరు ఎవరికి మిగలాలి? దానికీ నియమం ఉంది. ప్రతి ప్రజాతికి ఒక నమూనా జాతి ఉంటుంది. పేరు ఎప్పుడూ దానితోనే పోతుంది. వాండా అన్న పేరుకు నమూనా జాతి వాండా టెసెల్లేటా. అంటే మన బదనిక. సింగపూర్ పువ్వును ఆ ఇంట్లోంచి పంపెయ్యొచ్చు గానీ, దీన్ని పంపడం కుదరదు. ఇది ఎక్కడుంటే వాండా అక్కడ. 2012 ప్రాంతంలో డీఎన్ఏ చూసి ఆస్కోసెంట్రమ్ లాంటి కొన్ని చిన్న ప్రజాతులను వాండాలో కలిపేశారు. అప్పుడు కూడా వాళ్ళే వచ్చి ఈ ఇంట్లో చేరారు, ఈ ఇంటిపేరు కదల్లేదు.

పుస్తకంలో లేని పేర్లు

ఈ కథలో నేను ఇప్పటిదాకా చెప్పిన పేర్లు లెక్కపెట్టండి. రాక్స్‌బర్గ్, బ్యాంక్స్, జోన్స్, బ్రౌన్, రిడ్లీ. ఆ 300 బొమ్మలు గీసింది వీళ్ళెవరూ కాదు. రాక్స్‌బర్గ్ జీతానికి పెట్టుకున్న మన దేశపు చిత్రకారులు గీశారు. ఆకు ఈనెలు, పువ్వు మీద గళ్ళు, పుప్పొడి ముద్దలు విడదీసి పక్కన చూపించడం, అంతా వాళ్ళ చెయ్యి. పుస్తకంలో వాళ్ళ పేర్లు లేవు. చెట్టెక్కి మొక్క దించినవాళ్ళవి, 'దీన్ని మేం ఇలా అంటాం దొరా' అని పేరు చెప్పినవాళ్ళవి అసలే లేవు.

దుబాయ్‌లో, దోహాలో, కౌలాలంపూర్‌లో ఏ బిల్డింగు ముందు నిలబడ్డా ఆర్కిటెక్టు పేరు దొరుకుతుంది. కడ్డీ వంచినవాడి పేరు దొరకదు. ఇది మన శ్రోతలకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ ఒక్క తేడా ఉంది. ఆ పేరు చెప్పినవాళ్ళ మాట మిగిలింది. వాళ్ళ ఊరి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, వంకర టింకరగానైనా, ఆ పుస్తకంలో ఉన్నాయి.

పేరు తప్పితే ఏమవుతుంది

ఇదంతా పండితుల పేచీ, మనకెందుకు అనుకోవచ్చు. ఒక ఉదాహరణ చెప్తాను. ఆయుర్వేదంలో కీళ్ళనొప్పులకు వాడే రాస్న అనే మందు ఉంది. బెంగాల్ వైపు రాస్న అంటే మన వాండా వేర్లు. ఉత్తరాదిలో చాలాచోట్ల రాస్న అంటే ప్లూకియా అనే చిన్న పొద. దక్షిణాదిలో రాస్న అంటే అల్లం కుటుంబానికి చెందిన దుంపరాష్ట్రం. మూడూ మూడు వేర్వేరు కుటుంబాలు. పొట్లం మీద పేరు ఒక్కటే. రోజంతా నిలబడి పనిచేసి మోకాళ్ళు పట్టేసినవాళ్ళు ఆన్‌లైన్‌లో రాస్న అని చూసి తెప్పించుకుంటే, వచ్చింది ఏ మొక్కో ఆ ఒక్క మాటతో తెలియదు. రెండు మాటల శాస్త్రీయ నామం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. అది ఉందో లేదో చూడండి, ఏదైనా వాడేముందు డాక్టరును అడగండి.

ఇంకోటి. సెలవుకు వెళ్ళినప్పుడు ఈ మొక్క కనపడితే, ముచ్చటేసి సూట్‌కేసులో పెట్టుకు రావొద్దు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఉంది. పర్మిట్ లేకుండా దేశం దాటిస్తే ఎయిర్‌పోర్టులో మొక్కా పోతుంది, మీకూ ఇబ్బంది. పైగా దీని విత్తనం దుమ్ములా ఉంటుంది. లోపల మొలకకు తిండి ఉండదు, ఒక రకం బూజు తోడు దొరికితేనే మొలుస్తుంది. అంటే ఒక కాయలో వేల విత్తనాలున్నా, కొమ్మ మీద బతికి మొక్కయ్యేవి ఒకటీ అరా. పీకినంత తేలిగ్గా మళ్ళీ రాదు.

చెయ్యగలిగింది ఒకటుంది. ఈ ఆదివారం ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు తోటలో చెట్టు మీది బదనికను చూపించమనండి. కొమ్మను చీల్చుకుని లోపలికి దిగి, కొమ్మే ఉబ్బినట్టు కనపడితే అది దొంగ బదనిక, దాన్ని కోసెయ్యాల్సిందే. తెల్లటి లావు వేర్లు పైపైన పాకుతూ, గాల్లో వేలాడుతూ ఉంటే కత్తి దించమనండి. అది ఎవరి అన్నమూ తినడం లేదు. పువ్వు పూస్తే, గళ్ళున్నాయేమో చూసి ఫొటో తీయించి మన గ్రూపులో పెట్టండి. ఏ ఊరు, ఏ చెట్టు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు దాన్ని ఏమంటారు, ఈ మూడూ రాయండి. వచ్చిన పేర్లన్నీ, చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేర్లతో సహా, ఇంకో ఎపిసోడ్‌లో చదువుతాను.